పైకప్పు మోసిన అల్మరా

1984 మార్చి మొదట్లో మా విభాగాధిపతి నన్ను పిలిచి, లారీ బానెట్ల పరీక్షలు కొన్నాళ్ళు పక్కన పెట్టి ఒక పాత ట్రైలర్ సంగతి చూడమన్నారు. అప్పట్లో నేను మిషిగన్‌లోని ట్రాయ్‌లో, లారీలకు ఫైబర్‌గ్లాస్ భాగాలు తయారుచేసే ఒక కంపెనీలో మెటీరియల్స్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. హోదా సీనియర్ ఇంజనీరే గాని నా కింద మనుషులంటూ ఎవరూ లేరు. వర్క్‌షాపులో పనివాళ్ళు తమ మేస్త్రీలాంటి లీడ్‌మ్యాన్ మాట వింటారు, లీడ్‌మ్యాన్ ప్లాంట్ మేనేజర్ మాట వింటాడు. అయితే ఏ ముక్కనైనా కొయ్యాలన్నా, అతకాలన్నా, దాని మీద బరువు పెట్టాలన్నా పద్ధతి రాసిచ్చేది నేనే. నేను రాసిన పద్ధతి దాటి వెళ్ళే అధికారం మేనేజర్‌కి కూడా లేదు. ఆ రోజుల్లో ఆ వర్క్‌షాపులో చీరె కట్టుకోకపోయినా బొట్టు పెట్టుకుని తిరిగే మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, ఆ అధికారాన్ని వాడుకోవలసి వచ్చినప్పుడల్లా గొంతు కొంచెం గట్టిగానే వాడవలసి వచ్చేది.

ట్రావెల్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న గది. సెలవుల్లో అడవులకీ సరస్సులకీ వెళ్ళేవాళ్ళు అందులోనే వండుకుని, అందులోనే పడుకుంటారు. మాకు వచ్చినది ఫైబర్‌గ్లాస్‌ది. చూడటానికి పడుకోబెట్టిన గుడ్డులా ఉండేది. ఇలాంటివాటిని రెండు డొప్పలుగా తయారుచేస్తారు. కింది డొప్ప మీద పై డొప్ప బోర్లించి, నడుము దగ్గర లోపలి నుంచి పట్టీ వేసి అతుకుతారు. గోడల్లో స్తంభాలుండవు, కప్పులో దూలాలుండవు. తేలిగ్గా ఉంటుంది, తుప్పు పట్టదు. తుప్పు పట్టేదల్లా కింద ఉండే ఇనప చట్రమే.

ట్రైలర్ మా ప్రాంతపు ఆరోగ్య శాఖవారిది. ఎవరో విరాళంగా ఇస్తే ఏళ్ళ తరబడి ఒక షెడ్డు వెనక మంచులో, వానలో పడి ఉంది. దాన్ని బాగుచేసి, ఎండాకాలం తోటల్లో పళ్ళు కోయడానికి వచ్చే కూలీల పిల్లలకు పంటి వైద్యం చేసే ఆసుపత్రిగా మార్చాలని వాళ్ళ ఆలోచన. మా యజమాని ఒప్పుకుని వర్క్‌షాపులో చోటిచ్చారు. ఆ ఆసుపత్రి నడపబోయే డెంటిస్టు అనసూయగారు.

ఆవిడది తెనాలి వైపు. హైదరాబాదులో డెంటిస్ట్రీ చదివి, ఇక్కడికొచ్చి మళ్ళీ పరీక్షలు రాసి పాసై, ఉద్యోగంలో చేరారు. పొట్టిగా, చురుగ్గా ఉండేవారు. మాట్లాడుతూనే ఎదుటివాళ్ళ పళ్ళకేసి చూసే అలవాటు. మొదటిసారి ట్రైలర్ చూడటానికి వచ్చినప్పుడే నాకు ఒక పిల్ల గురించి చెప్పారు. కిందటి ఏడాది ఉత్తరాన చెర్రీ తోటల్లో దవడ వాచిపోయిన ఒక చిన్నపిల్లని స్టేషన్ వ్యాగన్ వెనక సీటు మడిచి పడుకోబెట్టి, టార్చిలైటు వెలుగులో చీము తీశారట. రెండోసారి చూడాలని వెళ్ళేసరికి ఆ కుటుంబం ఇంకో తోటకి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

"వాళ్ళని క్లినిక్‌కి రమ్మంటే ఎలా వస్తారు పద్మగారూ? పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది, కార్ ఉండదు. క్లినిక్కే వాళ్ళ దగ్గరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాలి. చెర్రీలు జులైలో. జులైకి నాకిది రెడీ కావాలి," అన్నారు.

చూసి చెబుతానన్నాను.

పాత ట్రైలర్‌ని బాగుచేయడంలో మొదటి పని బాగుచేయడం కాదు, ఏది బాగులేదో తెలుసుకోవడం. చక్రాలు కదలకుండా చెక్కముక్కలు అడ్డుపెట్టి, చట్రాన్ని నాలుగు మూలలా స్టాండ్ల మీద నిలబెట్టాం. తరువాత నేను ఒక నాణెంతో డొప్పంతా అంగుళం అంగుళం తట్టుకుంటూ వచ్చాను. పొరలు గట్టిగా అంటుకుని ఉన్నచోట టంగుమంటుంది. పొరలు విడిపోయినచోట మొద్దుగా, అట్టముక్కని తట్టినట్టు శబ్దం వస్తుంది. పైన నిగనిగలాడే పూతని జెల్‌కోట్ అంటాం. దాని మీద సాలెగూడులా పగుళ్ళు కనిపిస్తే ఇంకా లోతుగా చూడాలి. నేల ప్లైవుడ్‌లో రెండు సూదుల మీటరు గుచ్చి తడి ఎంతుందో చూశాను. తలుపు దగ్గర, ముఖ్యంగా బట్టల అల్మరా కింద, ముల్లు పూర్తిగా అవతలికి వాలిపోయింది. రివెట్ల సందుల్లోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు కారి అక్కడ నిలిచాయి.

అంతకంటే నన్ను కలవరపెట్టినది కప్పు మీద ఉంది. పాత యజమానుల్లో ఎవరో కప్పుకి రంధ్రం కోసి, పెద్ద ఏసీ యంత్రాన్ని బిగించారు. ఆ కప్పు అంత బరువు మోయడానికి చేసినది కాదు. మరి ఇన్నాళ్ళూ ఎలా నిలబడిందంటే, తలుపు పక్కనున్న అల్మరా వల్ల. ఈ రకం ట్రైలర్లలో అల్మరా సామాను పెట్టుకోవడానికే కాదు. నేల నుంచి కప్పు దాకా ఉండి స్తంభంలా పనిచేస్తుంది. అది తీస్తే కప్పు దిగుతుంది.

అందుకని పద్ధతి ఇలా రాశాను: ముందు లోపల ఊతకర్రలు నిలబెట్టాలి, తరువాత ఏసీని దించాలి, ఆ తరువాతే అల్మరా మీద చెయ్యి వెయ్యాలి. లీడ్‌మ్యాన్ వాల్టర్‌కి చెప్పాను. అనసూయగారికి లోపలికి తీసుకెళ్ళి చూపించి మరీ చెప్పాను. కప్పుని ఈ అల్మరాయే మోస్తోంది, దీన్ని కదిలించకూడదని. ఆవిడ అల్మరా పైఅంచు కప్పుకి ఆనుకున్నచోటు తడిమి చూసి, అర్థమైందన్నారు. నిజంగానే అర్థమైంది. జరిగినది అర్థం కాకపోవడం వల్ల జరగలేదు.

ఆ శనివారం ఊతకర్రలు కోయించి తెచ్చి ట్రైలర్ పక్కనే పెట్టాం. అవి నిలబెట్టే ముందు, కింద చట్రం ఆ ఒత్తిడి తట్టుకుంటుందో లేదో చూడాలి. వాల్టర్, నేను ట్రైలర్ కింద వీపుల మీద పడుకుని, సుత్తితో ఇనుప కమ్ములు తడుతూ తుప్పు ఎంత లోతుకు దిగిందో చూస్తున్నాం. వాల్టర్ యాభై దాటినవాడు. పెద్ద శరీరం, తొందర స్వభావం. పడవల యార్డులో పనిచేసి వచ్చాడు. అనసూయగారు వచ్చి, కర్టెన్లు, పరుపులు, ఎలుకల గూళ్ళు తీసి శుభ్రం చేస్తానంటే సరేనన్నాం. బయట చలిగాలి కొడుతోంది, వర్క్‌షాపు పెద్ద తలుపు తెరిచే ఉంది. ఆవిడ ట్రైలర్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

కాసేపటికి మా నెత్తి మీద ఏదో గీరుతున్న శబ్దం వినిపించింది. ఊడుస్తున్నారేమో అనుకున్నాం. తరువాత ఒక దబ్బుమన్న చప్పుడు. దాని వెంటనే, నేను ఎప్పుడూ పరీక్షల గదిలో మాత్రమే విన్న శబ్దం: పొడిగా, పొడుగ్గా, గుడ్డ చింపినట్టు. ఫైబర్‌గ్లాస్ చిరిగేటప్పుడు వచ్చే శబ్దం అది.

ఆ తరువాత ఆవిడ కేక.

బయటికి పాక్కుంటూ వచ్చి చూస్తే, ఏసీ ఉన్న దగ్గర కప్పు గిన్నెలా లోపలికి వంగి ఉంది. తలుపు పైమూల నుంచి ఒక పగులు జెల్‌కోట్‌ని చీల్చుకుంటూ బెత్తెడు పొడుగున పోయింది. వాల్టర్ తలుపు పట్టుకుని గుంజాడు. ద్వారబంధం వంకర పోయి తలుపుని బిగించేసింది. అది కదల్లేదు.

తలుపు పక్కన చిన్న కిటికీ ఉంది. అడ్డంగా అద్దాల పలకలు వరసగా పేర్చి, తిప్పితే అన్నీ ఒకేసారి తెరుచుకునే రకం. అందులోంచి చూశాను. అనసూయగారు అల్మరాకి ఎదురుగా మునివేళ్ళ మీద నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి పైకి ఎత్తి ఉంది. అల్మరా పైఅంచుకీ కప్పుకీ మధ్య ఆ చేతి వేళ్ళు ఇరుక్కుపోయాయి. కాళ్ళ దగ్గర చిన్న పలుగు, నల్లగా పొడి పొడి అయిన ప్లైవుడ్ ముక్కలు.

ఆవిడ అల్మరాని ముట్టుకోలేదు. దాని అడుగున నేల పలక కుళ్ళి, వాసన కొడుతూ, వేలు పెడితే దిగిపోతోంది. అంత కుళ్ళినది దేన్నీ మోయడం లేదని అనుకుని, పలుగుతో పెళ్ళగించారు. అది మోస్తూనే ఉంది. పలక ఊడగానే అల్మరా కిందికి జారి, ముందుకు ఒరిగింది. అది మీద పడకుండా ఆవిడ పైఅంచు పట్టుకున్నారు. ఆధారం పోయిన కప్పు దాని వెనకే దిగి, ఆవిడ చేతి మీద ఆగింది.

"అనసూయగారూ, నేనిక్కడే ఉన్నాను. చెప్పండి, ఎన్ని వేళ్ళు?"

"మూడు. చూపుడువేలు, దాని పక్క రెండూ. బ్లీడింగ్ లేదు." ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. "గోళ్ళు తెల్లబడిపోయాయి పద్మా. ఎక్కువసేపు ఇలా ఉంచకూడదు."

గేటు దగ్గరున్న కాపలా మనిషిని అగ్నిమాపక దళానికి ఫోన్ చేయమని అరిచాను. ఈలోగా వాల్టర్ వెళ్ళి ఫైబర్‌గ్లాస్ కోసే రంపం తెచ్చాడు. తలుపు పక్క గోడ కోసి ఆవిడని బయటికి లాగేద్దామన్నాడు. వద్దన్నాను. ఆ గోడ ఒక్కటే ఇప్పుడు కప్పుని పట్టుకుని ఉందని, దాన్ని కోస్తే ఏసీతో సహా అంతా ఆవిడ నెత్తి మీదికి వస్తుందని చెప్పాను. అతను అగ్నిమాపకదళం వాళ్ళు వచ్చినా చేసేది అదే కదా అని గట్టిగా అరిచాడు. అందుకే వాళ్ళు వచ్చేలోపలే మనం ఇంకోలా చెయ్యాలని నేనూ అంతే గట్టిగా అన్నాను. రంపం అతని చేతిలోనే ఉంది. ప్లగ్గు కూడా పెట్టేశాడు. నేను వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

కప్పుని లోపలి నుంచి పైకి నెట్టే దారి లేదు, లోపలికి వెళ్ళలేం. బయటి నుంచి పైకి లాగాలి. నున్నటి డొప్పకి పట్టు ఎక్కడ? అప్పుడు ఏసీ కేసి చూశాను. ఆ యంత్రాన్ని కప్పు పైన పెట్టి, లోపల ఒక ఇనప చట్రం పెట్టి, నాలుగు పొడుగాటి బోల్టులతో కప్పుని మధ్యలో నొక్కి బిగిస్తారు. యంత్రాన్ని పైకి లాగితే బోల్టులు లోపలి చట్రాన్ని లాగుతాయి, చట్రం కప్పుని లేపుతుంది. కప్పుని కిందికి దించిన బరువే కప్పుకి పిడి అవుతుంది. రంధ్రం చుట్టూ ఫైబర్‌గ్లాస్ తడికి మెత్తబడి ఉంటే మాత్రం యంత్రం ఒక్కటే ఊడి పైకి వస్తుంది, కప్పు మిగతాది కూలుతుంది. మొన్న నాణెంతో తట్టినప్పుడు ఆ రంధ్రం చుట్టూ మూడు వైపులా శబ్దం బాగుంది. నాలుగో వైపు మొద్దుగా ఉంది.

వాల్టర్‌కి ఇది చెప్పగానే రంపం కింద పెట్టాడు. ఇక తరువాత ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మా వర్క్‌షాపు కప్పుకి కరెంటు క్రేను ఉంది కానీ అది కుదుపుతో లేస్తుంది. అందుకని దాని కొక్కేనికి చేతితో లాగే చైన్ పుల్లీ తగిలించమన్నాను. దాంతో గొలుసు ఒక్కొక్క లింకుగా లేపవచ్చు. చక్రాల మెట్లు తోసుకొచ్చి, వాల్టర్ పైకెక్కి, ఏసీ అడుగున బెల్టులు దూర్చడం మొదలుపెట్టాడు.

అప్పుడే నాకు ఇంకొకటి తట్టింది. అల్మరాని ఇప్పుడు పట్టుకుని ఉన్నది కప్పే. కప్పు లేచిన మరుక్షణం అల్మరా ఆవిడ మీద పడుతుంది. కిటికీ అద్దాల పలకల్ని పట్టుకునే క్లిప్పులు వంచి, ఒక్కొక్కటిగా బయటికి లాగేశాను. ఊతకర్రల్లో పొట్టిదాన్ని ఆ సందులోంచి లోపలికి తోశాను.

"ఎడమచేత్తో అందుకోండి. ఒక చివర వెనకాల వంటగట్టుకి ఆనించండి, ఇంకో చివర అల్మరా మధ్యలో. మోకాలితో నొక్కి పెట్టండి."

ఆవిడ కర్ర అందుకున్నారు. మొదటిసారి జారి కింద పడింది. వంగడానికి వీల్లేదు. బూటు కొసతో దాన్ని లేపి, తొడకి ఆనించుకుని, మళ్ళీ పట్టుకున్నారు. ఈసారి బిగిసింది. ముఖమంతా చెమట.

"కర్ర కూర్చుంది," అన్నారు.

నేను తలుపు మూల పగులుకి అటూ ఇటూ పెన్సిలుతో గీతలు గీసి, ఏసీ రంధ్రం మూల దగ్గర కూడా గీసి, కిందికి దిగి గొలుసు పట్టుకున్న వాల్టర్‌ని లాగమన్నాను. బెల్టులు బిగిశాయి. గొలుసు టిక్కు టిక్కుమంటోంది. కప్పు వంపు కొద్దిగా తగ్గింది. తలుపు మూల గీతలు దగ్గరపడుతున్నాయి. అంతలో ఏసీ దగ్గర, సరిగ్గా ఆ మొద్దు శబ్దం వచ్చిన వైపున, చిరిగిన చప్పుడైంది. చెయ్యి ఎత్తాను. వాల్టర్ ఆగాడు. మెట్లెక్కి చూస్తే రంధ్రం మూల నుంచి కొత్త పగులు బయల్దేరి, నా గీత దాటింది.

వేళ్ళు వదలడానికి ఇంకా కొంచెమే కావాలి. ఆ కొంచెంలోనే అది ఊడిపోవచ్చు. అగ్నిమాపక బండి సైరన్ ఎక్కడా వినబడటం లేదు. కిందికి దిగి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి అబద్ధం చెప్పడం నాకు సబబు అనిపించలేదు.

"పైన ఒక పక్క పగులుతోంది. ఇంకా లాగితే లేవచ్చు, ఊడి మీద పడనూ వచ్చు. లేస్తుందనే నా నమ్మకం. ఆగుదామంటే ఫైర్ వాళ్ళ కోసం ఆగుతాను. చెప్పండి."

"వేళ్ళు తెలియడం లేదు పద్మా. నొప్పి కూడా తెలియడం లేదు. అది మంచిది కాదు." ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "చెయ్యి నాది, నేను చెప్తున్నాను. లాగించు."

వాల్టర్ కేసి చూసి తల ఊపాను. ఒక లింకు. ఆగాం. పగులు నిలిచింది. ఇంకొక లింకు. మళ్ళీ నిలిచింది. మూడోసారి లాగినప్పుడు కప్పు ఒక్కసారిగా టప్పుమని తన పాత వంపులోకి వచ్చింది. ఊడిపోయిందనే అనుకున్నాను. లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"వచ్చింది! చెయ్యి వచ్చేసింది!"

అల్మరా ఊగి, ఊతకర్ర మీద ఆగింది. కప్పు లేవడంతో ద్వారబంధం సర్దుకుంది. వాల్టర్ గొలుసు వదలకుండానే కాలితో తలుపు గడియ మీద తన్నాడు. అది తెరుచుకుంది. అనసూయగారు ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని తనంతట తాను మెట్టు దిగి వచ్చారు. వచ్చి బల్ల మీద కూర్చుని, రక్తం తిరిగొచ్చి వేళ్ళు ఎర్రబడుతుంటే వాటినే చూస్తూ, అప్పుడు ఏడ్చారు. అగ్నిమాపక దళంవాళ్ళు వచ్చేసరికి ఆవిడే వాళ్ళకి కట్టు ఎలా కట్టాలో చెబుతున్నారు.

రెండు వేళ్ళు విరిగాయి. మూడోది నలిగింది.

సోమవారం ప్లాంట్ మేనేజర్ ట్రైలర్‌ని తుక్కుకింద పంపేయాలన్నారు. మనిషి చచ్చిపోయేదే కదా అన్నారు. ఆయన కోపం సమంజసమే. నేను రెండు రోజులు మళ్ళీ నాణెంతో డొప్పంతా తట్టి, కొత్త పగుళ్ళు ఎంత లోతున్నాయో చూసి, నా అభిప్రాయం చెప్పాను. పగుళ్ళని లోపలి నుంచి ఏటవాలుగా అరగదీసి కొత్త పొరలు వేస్తే కప్పు మునుపటికంటే గట్టిగా ఉంటుంది. ఏసీని తీసేసి రంధ్రం మూసేయాలి. నేల మొత్తం మార్చాలి. వాల్టర్ కూడా మేనేజర్ దగ్గరికి వెళ్ళి, పని తనే చేస్తానని చెప్పాడట. ఆ మాట నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

ఆ వారంలోనే అనసూయగారు ఆఫీసుకి ఫోన్ చేశారు. వేళ్ళు ఎలా ఉన్నాయని అడిగితే, "వాటి సంగతి తరువాత. దాన్ని స్క్రాప్ చేసేస్తున్నారా?" అన్నారు. చెయ్యడం లేదన్నాను.

జులైకి పని పూర్తి కాలేదు. చెర్రీల కాలం వెళ్ళిపోయింది. ఆకురాలు కాలంలో ఆపిల్ తోటలకి ట్రైలర్ మొదటిసారి బయల్దేరింది. అప్పటికి ఆవిడ చెయ్యి చాలావరకు నయమైంది కానీ, చూపుడువేలి కొసకి స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. పళ్ళు పీకడం తను చేస్తూ, సన్నటి పని కొత్తగా చేరిన డాక్టరుకి ఇచ్చేవారు. ఆ చెయ్యి గురించి ఆవిడ నాతో ఎప్పుడూ ఫిర్యాదుగా మాట్లాడలేదు.

ఆ తరువాత నేను ఇరవై ఏళ్ళకు పైగా అదే వృత్తిలో ఉన్నాను. కొత్త ఇంజనీర్లు వచ్చినప్పుడు, డ్రాయింగుల్లో పాడైన భాగాలకు ఎర్ర రంగు పూసి, బాగున్నవాటికి ఆకుపచ్చ పూసి చూపించేవారు. ఎర్రవి తీసేద్దామనేవారు. నేను వాళ్ళకి చెప్పేది ఒకటే: పాడైన భాగం పని మానేసిన భాగం కాదు. బలం తగ్గినా, దాని మీదికి వచ్చే బరువు తగ్గదు. పక్కన కొత్త ఆధారం నిలబెట్టి, ఆ బరువు దాని మీదికి మారిందని కొలిచి చూసుకున్నాకే పాతదాన్ని ముట్టుకోవాలి. కొలవడానికి పట్టే సమయం పని ఆలస్యంగా లెక్క కట్టకూడదు, పనిలో భాగంగానే లెక్క కట్టాలి.